వల ముక్క

మత్స్యశాఖ అధికారి వల ముక్కను బల్ల మీద పడేశాడు. నీళ్ళు కారి జాలర్ల సంఘం ఆఫీసు నేల తడిసింది.

“వేట నిషేధించిన నీళ్ళలో రాళ్ళకు పట్టుకుని ఉంది. ఎవరిదో చెప్తే ఆ ఒక్క పడవనే ఈ సీజనంతా ఆపుతాం. చెప్పకపోతే రేపట్నుంచి ఏ పడవా కదలదు. మీరు ఒప్పుకున్న షరతే ఇది.”

“చేపలే అల్లుకున్నాయేమో సార్,” అన్నాడొకడు వెనక నుంచి. ఎవరూ నవ్వలేదు.

సంఘం పెద్ద ముక్క వైపు చూశాడు. దారాన్ని రెండుసార్లు చుట్టి వెనక్కి లాగిన ముడి. అలా ముడి వేసేది తనే. చేపలు గుడ్లు పెట్టే చోట వల వెయ్యొద్దని ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించిందీ తనే. మొన్న తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు, ఖాళీ పడవతో ఒడ్డుకు రావడానికి మొహం చెల్లక ఆ నీళ్ళ లోపలికే వెళ్ళాడు. రాళ్ళకు వల చిక్కితే అక్కడికి కోసేసి వచ్చాడు.

చెప్పేద్దామనుకున్నాడు. ముక్కను అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

“నాదే సార్,” అంటూ లేచాడు అతని అల్లుడు.

“పెద్దాయన అల్లుడివై ఉండి ఇదేం పనయ్యా?” అన్నాడు పక్కనున్నవాడు. అల్లుడు తల దించుకున్నాడు.

అధికారి పెద్ద వైపు తిరిగాడు. “ఏం చెయ్యాలో మీరే చెప్పండి.”

“సీజనంతా ఆపాల్సిందే,” అన్నాడు పెద్ద. తన గొంతు తనకే వేరేవాడిదిలా వినిపించింది.

“ఇంటివాడని కూడా చూళ్ళేదు. పెద్దరికమంటే అదీ,” అనుకుంటూ జనం బయటికి నడిచారు. పెద్ద మాత్రం ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

ఒడ్డున అల్లుడు పడవలోంచి ఇంజిను విప్పుతున్నాడు. గట్టు మీద కూర్చున్న కూతురు తండ్రిని చూసి మొహం తిప్పుకుంది.

“ఆపు అల్లుడూ. వెళ్ళి నిజం చెప్పేస్తాను.”

“ఏం నిజం మామయ్యా?”

“ఆ వల నాది. నా పరువు కోసం నీ పొట్ట మీద నువ్వే కొట్టుకున్నావు. నా ముడి నాకు తెలీదా?”

“ఆ ముడి నాకు నేర్పింది మీరే కదా. ఆ ముక్క నా వలదే. కావాలంటే పడవలో వల చూడండి, ఇంత మేర తెగిపోయింది.”

పెద్ద చూశాడు. నిజమే. గుండెల మీద బరువు దిగినట్టయింది. ఆ వెంటనే పెద్దరికం మళ్ళీ గొంతులోకి వచ్చింది.

“అంతమందిలో మాటిచ్చావు. మరి లోపలికెందుకు వెళ్ళావు?”

అల్లుడు స్పానరు కింద పెట్టాడు.

“మంచులో మీ ఇంజిను చప్పుడు అటు పోతుంటే విన్నాను మామయ్యా. మీరే వెళ్తున్నారంటే నిషేధం ఎత్తేశారేమో అనుకుని, మీ వెనకే వచ్చాను.”