నా మీదే పడింది

తడిగుడ్డ పిండి వసారా చివరి మూల తుడవబోతుంటే గేటు కిర్రుమంది.

ఆమె తలెత్తి చూసింది. బండి తమదే. తోసుకొస్తున్నవాడు మాత్రం ఎవరో కొత్త మనిషి.

ఒంటి చేత్తో హ్యాండిలు పట్టుకుని, నడుముతో సీటుని నెట్టుకొస్తున్నాడు. రెండో చెయ్యి చొక్కా లోపలికి దోపుకున్నాడు. చొక్కా నిండా గ్రీజు మరకలు.

బండి వసారాలో ఆగింది. పగిలిన ఇంజన్లోంచి నల్లటి నూనె అప్పుడే తుడిచిన నేల మీద బొట్లు బొట్లుగా పడసాగింది.

ఆమె గుడ్డ వదిలేసి లేచింది.

"మా ఆయనేడీ?"

"క్షేమంగానే ఉన్నారమ్మా. దార్లో చైను తెగింది. అది కొట్టుకుని ఇంజను పగిలింది. ఆయన వేరే బండి మీద వెళ్ళారు. టైముకి అందుకుంటారు."

హమ్మయ్య అనుకుంది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

కంపెనీ మూతపడ్డప్పటి నుంచి భర్త ఇంట్లోనే ఉన్నాడు. ఇన్నాళ్ళకి వ్యాను డ్రైవరు పనికి పిలుపొచ్చింది. ఈ పొద్దున వెళ్ళి వ్యాను నడిపి చూపించాలి. ఆలస్యమైతే మళ్ళీ పిలిచేది లేదని ముందే చెప్పారు. అందుకే నిన్న సందు చివరి మెకానిక్ చేత బండికి కొత్త చైను వేయించుకొచ్చాడు.

ఆ మెకానిక్‌ని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాననుకుంది.

"అయితే ఈ చైను భాగోతం నీదేనన్నమాట!"

అతను తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"అవునమ్మా, నా మీదే పడింది," అన్నాడు మెల్లగా.

పని తన మీద పడిందంటున్నాడు. ఎంత ధీమాగా ఒప్పుకుంటున్నాడో!

"పడదూ మరి! చేతకాని పని నెత్తికెత్తుకుంటే ఇలాగే ఏడుస్తుంది. కొత్త చైను ఒక్క పూటైనా ఆగదా? మనిషి ఏ లారీ కిందో పడుంటే ఎవరు తెచ్చిస్తారు? నువ్వా?"

"అమ్మా, నేను..."

"నువ్వేం చెప్పకు. ఆ రావడమైనా చూడు, పెళ్ళికొడుకు షికారుకొచ్చినట్టు ఒంటి చేత్తో! రెండో చెయ్యి బయటికి తీస్తే అరిగిపోతుందా?"

అతను నవ్వబోయి, పళ్ళు బిగబట్టాడు.

లోపల్నుంచి అత్తగారు కేకేసింది. "గొంతు తగ్గించవే! మనిషికి కాసిన్ని మంచినీళ్ళయినా ఇయ్యి."

"ఆయన మనకి నేలంతా నూనె పోశాడు అత్తయ్యా. బదులుగా నేను నీళ్ళు పొయ్యాలా?"

మళ్ళీ అతని మీదికి తిరిగింది.

"మా ఆయనకి బండి ఇచ్చిన మారాజెవరో గానీ, ఆయన కడుపు చల్లగా ఉండాలి. ముక్కూ మొహం తెలియనివాడు ఆదుకున్నాడు. ఈ సందు చివరే కొట్టు పెట్టుకున్న నువ్వు కొంప ముంచావు."

అతను మళ్ళీ బండి వైపు తిరిగాడు. బండికి స్టాండు వెయ్యడానికి తంటాలు పడి, చివరికి గోడకి ఆనించాడు. ఆమె చెయ్యి వెయ్యలేదు.

"ఆయన వచ్చేదాకా గేటు దగ్గర కూర్చుంటానమ్మా."

"ఎందుకు? విప్పడానికి ఇంకేం మిగిలిందని? ముందు ఇక్కణ్ణుంచి కదులు!"

అతను ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత మెల్లగా గేటు దాటాడు.

ఆమె గడియ పెట్టేసి నూనె తుడవడం మొదలుపెట్టింది. తుడిచేకొద్దీ మరక పెద్దదైంది. దాన్నీ తిట్టింది.

మధ్యాహ్నానికి భర్త వచ్చాడు, ఎవరిదో బండి మీద.

"ఏమైందండీ?"

"ఇచ్చారు. రేపే రమ్మన్నారు."

అత్తగారు చేతులు జోడించింది. భర్త ముఖంలో మాత్రం వెలుగు లేదు.

"ఆయనేడీ?" అన్నాడు వసారా అంతా చూస్తూ.

"ఎవరు, మీ మెకానిక్కా? కడిగి ఆరేశాను. మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు."

"మెకానిక్కేంటి? ఆయన నా వెనక వస్తున్న మనిషి. తెగిన చైను ఎగిరి వెళ్ళి ఆయన మణికట్టు మీద పడింది. ఆ నొప్పిలోనే అడిగాడు, అంత హడావిడిగా ఎక్కడికని. చెప్పాను. వెంటనే తన బండి తాళం నా చేతిలో పెట్టేశాడు."

ఆమె భర్త మీద విరుచుకుపడింది.

"దెబ్బ తిన్న మనిషికి మన బండి అంటగట్టి మీరెలా వెళ్ళారండీ? కాళ్ళెలా వచ్చాయి?"

"బెణికిందంతే అన్నాడు. ఈ చేత్తో ఇవాళ తనేమీ నడపలేడట, తన బండి నన్ను తీసుకెళ్ళమని, మన బండి తనే ఇంటికి చేరుస్తానన్నాడు. ఎటు వెళ్ళాడు?"

అతను ఎటు తిరిగాడో ఆమె చూడనే లేదు.

"దొరుకుతాడులేరా," అంది అత్తగారు. "ముందు అన్నం తిను. ఉద్యోగం వచ్చింది, అది చాలు."

"అమ్మా, ఆ ఒక్క ఉద్యోగానికి ఇద్దర్ని పిలిచారు. నాతో వ్యాను నడిపించాక రెండో పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. గేటు దగ్గరున్న వాచ్‌మన్ నేను వేసుకెళ్ళిన ఈ బండి వంక చూసి, 'నిన్న దరఖాస్తు ఇచ్చి వెళ్ళినాయన బండి ఇక్కడే ఉందే, మనిషేడీ?' అన్నాడు."

కుడికో ఎడమకో కూడా తేల్చుకోకుండా, ఆమె గడియ తీసి వీధిలోకి నడిచింది.