అక్షరాలా నిజం

వంకల మామ్మ గుమ్మంలో కనిపించగానే లైబ్రేరియన్‌కి ఒళ్లు మండింది.

చేతిలో మళ్లీ అదే నవల. యాభై ఏళ్ల కిందట రేవు కూలీలు చేసిన సమ్మె మీద, అందులో తుపాకి గుండుకు నేలకూలిన నాయకుడి మీద రాసిన చారిత్రక నవల. నిరుడు అచ్చయింది మొదలు దానికి బహుమతులే బహుమతులు. తలుపు పక్కనున్న 'తప్పక చదవాల్సిన చారిత్రక నవలలు' అరలో దాన్ని అన్నిటికంటే పైన నిలబెట్టింది లైబ్రేరియనే. కింద ముత్యాల్లాంటి దస్తూరీతో ఓ అట్టముక్క కూడా అతికించాడు. 'అక్షరాలా నిజం. చివరి పేజీకి చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి.'

ఆ అట్టముక్క పీకేయమని మామ్మ పోరు.

లైబ్రేరియన్ లెక్కలో పాఠకులు రెండే రకాలు. ఆయన చెప్పిన పుస్తకం చదివేవాళ్లు, బుద్ధి లేనివాళ్లు. చెప్పిన పుస్తకమల్లా చదివి కూడా రెండో రకంలో చేరిన ఘనత మామ్మ ఒక్కదానిదే. రాజుగారు పగలూ రాత్రీ స్వారీ చేసి కోట చేరితే, ఆ గుర్రానికి ఎవరూ ఇంత గడ్డి వెయ్యలేదేమని అడిగింది. అధ్యాయానికోసారి మూర్ఛపోయే రాకుమారిని ముందు వైద్యుడికి చూపించమంది. ఆవిడ వెళ్లాక లైబ్రేరియన్ ఆ మాటలు అనుకరించి చూపిస్తే సిబ్బంది పడీపడీ నవ్వేవారు. 'వంకల మామ్మ' అని పేరు పెట్టింది కూడా ఆయనే.

ఈ నవల దగ్గర మాత్రం ఆవిడ నవ్వులాటగా మాట్లాడలేదు.

"పొయ్యిలో పిల్లి లేవని ఇంటి ఇల్లాలు గట్టు మీద కూచుని వెన్నెల పాటలు పాడుతుందా బాబూ?" అంది పుస్తకం బల్ల మీద పెట్టి.

రచయితగారు పదేళ్లు పరిశోధన చేసి మరీ రాశారనీ, కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చదవమనీ లైబ్రేరియన్ సలహా ఇచ్చాడు.

"చాలాసార్లే చదివాను. దీన్ని తీసుకెళ్లి కట్టుకథల అరలో పెట్టు, నాకే అభ్యంతరం లేదు. నిజమని మాత్రం రాయకు."

తన అరలో వేలు పెట్టడానికి ఈవిడెవరు? అట్టముక్క కదలదని తేల్చి చెప్పేశాడు. అయితే రాసినవాడినే అడుగుతానంది మామ్మ.

ఆ వారమే రచయిత లైబ్రరీకి వస్తున్నాడు. ఈ ఊరి పేరు చెప్పగానే ఆయన ఎందుకో వాయిదా మీద వాయిదా వేశాడు. లైబ్రేరియన్ వదిలే రకం కాదు. పైఅధికారి చేత ఫోన్ చేయించి మరీ ఒప్పించాడు. సభ బాగా జరిగితే కొత్త హాలు మంజూరు చేయిస్తానని ఆ అధికారి మాటిచ్చాడు. అందుకే లైబ్రేరియన్ మామ్మని ఆఖరి వరసలో, స్తంభం వెనకాల కూచోబెట్టమనీ, చచ్చినా మైకు ఇవ్వద్దనీ అటెండరుకి గట్టిగా చెప్పాడు.

సభకి జనం విరగబడి వచ్చారు. ఇస్త్రీ మడత నలగని చొక్కాలో రచయిత కూడా నవలలాగే నిగనిగలాడుతున్నాడు. చివరి పేజీ రాస్తున్నప్పుడు రాత్రంతా ఏడ్చానన్నాడు. కాలేజీ అమ్మాయి ఒకతె లేచి, ఆ నాయకుడి తాలూకువాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

"ఎవరూ లేరమ్మా. శవాన్ని గుమ్మం ముందు దించారు. ఆ ఇల్లాలు దాని మీద పడింది, మళ్లీ లేవలేదు. వంశం అంతటితో ఆగిపోయింది. వాళ్ల కథ చెప్పే బాధ్యత నా కలం మీద పడింది."

హాలంతా ముక్కులు చీదింది. లైబ్రేరియన్ కళ్లు తుడుచుకుంటూ పైఅధికారి కేసి గర్వంగా చూశాడు.

అప్పుడు స్తంభం వెనక నుంచి మామ్మ లేచింది.

ఆవిడని చూడగానే రచయిత చేతిలో గ్లాసు ఒరిగి నీళ్లు చొక్కా మీద ఒలికాయి. పాపం, అంతటి మహానుభావుడికి ఇలాంటి శాల్తీలు అలవాటుండవు కదా అనుకున్నాడు లైబ్రేరియన్. గబగబా మైకు అందుకుని, ఈవిడకి ప్రతి పుస్తకంలోనూ వంకలు వెతకడం జబ్బని, పట్టించుకోవద్దని మనవి చేశాడు. అధికారి నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి హాలంతా నవ్వింది. రచయిత నవ్వలేదు.

మామ్మకి మైకు అక్కర్లేకపోయింది.

"ఆ పెళ్లాం చచ్చిపోయిందని నీకెవరు చెప్పారు?"

"మామ్మగారూ, సభామర్యాద. 'మీకు' అనండి" అన్నాడు లైబ్రేరియన్.

రచయిత తల దించుకునే మాట్లాడాడు. ఆవిడ బతికి బట్టకట్టిందంటే చదివేవాళ్లకి ఏడుపు రాదన్నాడు. నవలకి ఆ చావు అవసరమన్నాడు. ఇవన్నీ తర్వాత మాట్లాడుకుందామని బతిమాలుతున్నట్టుగా గొంతు తగ్గించాడు.

దారినపోయే ముసలమ్మకి ఇంత మర్యాదా అని లైబ్రేరియన్ మనసు కరిగిపోయింది. ఇక ఆగలేక, అచ్చులో అంత స్పష్టంగా ఉంటే కాదనడానికి మీరెవరని మామ్మని నిలదీశాడు. అటెండరు వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

మామ్మ ఆ చెయ్యి విదిలించుకుంది. లైబ్రేరియన్ కేసి కన్నెత్తి కూడా చూడలేదు. వేదిక మీదున్న రచయితనే చూస్తూ అంది.

"చావాలనే అనుకున్నానురా, కానీ అప్పటికే నువ్వు నా కడుపులో ఉన్నావు."