డాబా మీద వడియాలు

మేదరవీధి మీద రోజూ ఎగిరే డ్రోన్, మాణిక్యమ్మ డాబా మీది వడియాలను చూసి శ్లాబు పెచ్చులూడిందనుకుంది. వీధి శిథిలమైంది కనుక కూల్చి కొత్తగా కడతామని పునర్నిర్మాణ శాఖ అందరి ఫోన్లకూ కబురు పెట్టింది.

"పిన్నీ, ఆ వడియాలు తీసీ. మా ఇళ్లు కూడా కూల్చీసేలా ఉన్నారు," అన్నాడు పక్కింటి పైడిరాజు.

మర్నాటి నుంచి డ్రోన్ వచ్చే వేళకు వడియాలతో, ఆరేసిన బట్టలతో పాటు అరుగుల మీది ముసలాళ్లనూ లోపలికి సర్దేశారు. వారం తిరక్కుండా రెండో కబురొచ్చింది. వీధిలో మనుషులెవరూ లేరు కనుక వెంటనే కూల్చేస్తారట.

మాణిక్యమ్మకు ఒళ్లు మండింది. మళ్లీ డాబా నిండా వడియాలు పెట్టి, వాటి మధ్య గొడుగేసుకుని కూర్చుంది. డ్రోన్ ఆవిడ చుట్టూ రెండుసార్లు తిరిగి వెళ్లింది.

సాయంత్రం పైడిరాజు ఫోన్ పట్టుకుని మెట్లెక్కాడు.

"శిథిలాల మీద ఆక్రమణ ఉందట, ముందు దాన్ని తొలగిస్తారట. అది నువ్వే, పిన్నీ."