మనిషి వాసన

"ఇదిగో, ఇట్టా ఊగితే పడదమ్మాయ్," అన్నాడు మెర్ల్, గుంటలో పెట్టిన ఇనుప ఉచ్చును వేలితో కదిపి చూపిస్తూ. "నక్క పాదం మోపీ మోపగానే కాలు వెనక్కి లాగేసుకుంటుంది. అడుగున మట్టి బాగా కుదించాలి. పడ్డాక మాత్రం, కాలు కొరుక్కున్నా వదలదు."

డార్లా పక్కనే కూర్చుని బుద్ధిగా తలూపింది.

మెర్ల్ ఆమెకు మామగారు. ఆ వయోమింగ్ కొండల్లో ఊహ తెలిసినప్పటి నుంచీ నక్కల్నీ కయోటీల్నీ పట్టి తోళ్లు తీయడమే ఆయన పని. కయోటీ అంటే నక్కకు పెద్దన్న, తోడేలుకు తమ్ముడు, జిత్తుల్లో ఇద్దరికీ గురువు. అలాంటి దాన్ని కూడా బోల్తా కొట్టించగలడని చుట్టుపక్కల ఆయనకు పేరు. కొడుకు డ్వేన్ చమురు బావుల దగ్గర పని చేస్తూ నెలకోసారి ఇంటికొచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో మామా కోడళ్లిద్దరే.

పని నేర్చుకుంటానని డార్లా అడిగినప్పుడు ముసలాయన తెగ మురిసిపోయాడు. పాపం, ఆమె ఎందుకు అడిగిందో ఆయనకేం తెలుసు!

తోక సగం తెగిన ఒక ఎర్రనక్క వేసవి నుంచీ వంటింటి గుమ్మం దాకా వచ్చేది. మామగారు ఇంట్లో లేనప్పుడు డార్లా దానికి మాంసం ముక్కలు వేసేది. పెన్నీ అని పేరు పెట్టుకుంది. పిల్లాజెల్లా లేని మనిషి, పలకరించే దిక్కులేని ఇల్లు. ఆ నక్క మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంది.

మంచు మొదలయ్యే ముందు ఓ రోజు భోజనాల దగ్గర మెర్ల్ నిట్టూర్చాడు.

"ఈసారి వాగు వైపు ఒక్క తోలు కూడా రాకపోతే ఉచ్చులన్నీ తుక్కు కింద అమ్మేస్తానమ్మాయ్. ఇక నావల్ల కాదు."

ఆ మాట డార్లా గట్టిగా పట్టుకుంది. ఒక్క చలికాలం వాగు వైపు ఏదీ పడకుండా చూస్తే చాలు. పెన్నీ బతుకుతుంది, వచ్చే ఏడు పెన్నీ పిల్లలూ బతుకుతాయి.

"అన్నిటికన్నా ముఖ్యం వాసన," అనేవాడు మెర్ల్. "ఉచ్చుల్ని చెట్టు బెరడుతో ఉడకబెట్టాలి. రబ్బరు తొడుగుల్లేకుండా ముట్టుకోకూడదు. మోకాలు నేలకి ఆనకూడదు, కింద గుడ్డ పరుచుకోవాలి. మనిషి వాసన సోకిందా, ఆ దారి చచ్చినా తొక్కవు."

"సబ్బు వాసన కూడా పసిగడతాయా మామయ్యా?"

"సబ్బా? నువ్వు నిన్న ఏం తిన్నావో కూడా చెబుతాయి!"

ఆయన చెప్పిన ప్రతి పాఠాన్నీ డార్లా శ్రద్ధగా తిరగేసి పాటించింది. రోజూ మధ్యాహ్నం మెర్ల్ టోపీ పెట్టుకుని, "గస్ వాళ్లింటికి పేకాటకి పోతున్నా, చీకటి పడితేగానీ రాను," అని వాకిట్లోంచి కేకేసి వెళ్లేవాడు. బండి మలుపు తిరగ్గానే ఆమె వాగులోకి దిగేది. మంచులో ఆయన పాత అడుగుల్లోనే అడుగులేస్తూ, ప్రతి ఉచ్చు చుట్టూ ఉన్న తుప్పల్నీ రాళ్లనీ ఒట్టి చేతులతో రుద్దేది. ఉచ్చును మాత్రం ముట్టుకునేది కాదు. అది మూసుకుంటే ముసలాయన కనిపెట్టేస్తాడు.

క్రిస్మస్‌కి ఆయనే ఘాటైన లావెండర్ క్రీము కొనిచ్చాడు. "చేతులు పగిలిపోతున్నాయి, కాస్త దండిగా రాసుకో," అన్నాడు. డార్లాకు లోపల నవ్వాగలేదు. సీసాలో సగం వాగు రాళ్లే తాగాయి.

ఉచ్చులు ఖాళీగానే ఉండేవి. కాఫీ ముందు మెర్ల్ దిగాలుగా కూర్చునేవాడు.

"నాకు చేతకాకుండా పోయిందంటావా అమ్మాయ్?"

"వయసైపోయింది మామయ్యా. నక్కలే జాలిపడి తప్పుకుంటున్నాయేమో!" అని ఆమె పుండు మీద కారం చల్లేది. ఆయన ముఖం చిన్నబోతే ఆమెకు కడుపు నిండేది. అంత కసి తనలో ఉందని ఆమెకే తెలియదు.

ఫిబ్రవరిలో పెన్నీ రావడం మానేసింది. జతకట్టే కాలం కదా, మగనక్క వెంట పోయుంటుందిలే అని డార్లా సర్దిచెప్పుకుంది. అయినా గుమ్మం దగ్గర మాంసం పెట్టడం మానలేదు.

వేట కాలం ముగిసిన రోజు మెర్ల్ వాగు వైపు ఉచ్చులన్నీ ఊడబెరికి తెచ్చి వాకిట్లో పడేశాడు.

"ఒక్కటంటే ఒక్కటి పడలేదు. నువ్వే గెలిచావ్."

"నేను గెలవడమేంటి మామయ్యా?"

"ముసలాణ్ణయిపోయానని అన్నావుగా! పద, అలా గస్ వాళ్లింటి దాకా పోయొద్దాం."

గస్ ఇల్లు కొండకు అవతలి వైపు. మెర్ల్ ఆ ఇంటి ముందు ఆగకుండా బండిని నేరుగా గడ్డికొట్టు దగ్గరికి తీసుకెళ్లి తలుపులు బార్లా తెరిచాడు.

దూలాల నిండా తోళ్లు వేలాడుతున్నాయి. కయోటీలవి, నక్కలవి. ఏ చలికాలంలోనూ డార్లా అన్ని చూడలేదు. వరసలో చివరిది ఎర్రగా ఉంది. దాని తోక సగమే ఉంది.

ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని నేల మీద కూలబడింది.

"ఇవన్నీ... ఎక్కడ పట్టావు?"

"ఈ కొట్టు వెనక కనుమలో. మధ్యాహ్నాలు నాకు పేకాట ఎక్కడిదీ? కొండ దిగడానికి ఉన్నవి రెండే దారులు. ఒకటి వాగు, రెండోది ఈ కనుమ."

"మరి వాగులో పెట్టినవి..."

మెర్ల్ టోపీ సర్దుకుంటూ నవ్వాడు.

"వాగులో ఉచ్చులు నక్కల కోసం పెట్టలేదమ్మాయ్, నీకోసం పెట్టా."