బయటి గొళ్ళెం

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఇదే: మూసిన తలుపు వెనుక ఎవరో పిలుస్తుంటారు, బయటి మనిషి అర్థంకాక నవ్వి వెళ్లిపోతాడు.

తిరుమలగిరిలో మా ముందరి గది జపాన్ దంపతులకు కిరాయికిచ్చాం. ఆయన పొలాల్లో తాడు పట్టి వరుసగా నాట్లు వేయడం నేర్పేవాడు. ఆమె పేరు హన. నా ఈడుదే.

మాది మగ్గాల ఇల్లు. మేకలొచ్చి మగ్గం మీది పడుగు దారాలు తెంపుతాయని, మా ఆడబిడ్డ సుగుణమ్మ బయటికి పోతూ గదులన్నిటికీ గొళ్ళేలు పెడుతుంది. లోపల ఎవరున్నారో చూడదు. ఒకరోజు హన లోపల చిక్కింది.

"అకేతె! అకేతె!"

పోయి గొళ్ళెం తీశాను. సాయంత్రం నూనె డబ్బా మూత బిగుసుకుంటే హన నోట మళ్లీ అదే మాట. కిటికీకీ అదే. అప్పుడు తెలిసింది, తెరవమని. ఐదో తరగతితో ఆగిన చదువు నాది. ఎంత మురిశానో! మర్నాడు నేనే ట్రంకుపెట్టె ఆమె ముందు పెట్టి "అకేతె" అన్నాను.

"ఏం భాషనే గది, కోళ్లను అదిలిచ్చినట్టు?" అంది సుగుణమ్మ వదిన.

మా పాప ఆండాళుకు మూడేళ్లు నిండినా మాట రాలేదు. హన దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, డబ్బా మూత తీసి మూసి ఆడించేది.

ఇప్పుడు నేను నల్లగొండ దవాఖానలో ఉన్నాను. కడుపు కోసి బాబును తీశారు. కుట్లు ఆరేదాకా మంచం దిగనీయరు. మా ఆయన షోలాపూర్ మిల్లులో ఉన్నాడు. ఇల్లు వదినే చూసుకుంటోంది.

నిన్న, ఊళ్లో నూలు మూటలు వేసే కాటమయ్య చూడవచ్చాడు.

"మీ ముందర గదిల ఒకటే అకేతె, అకేతె. పాటనా, మంత్రమా చెల్లే?"

"గొళ్ళెం తీసినవా అన్నా?"

"ఇంట్ల ఎవ్వరు లేకపాయె. నాకెందుకని నవ్వుకుంట వచ్చిన. పొద్దున పోయినప్పుడు గట్లనే, మాపటికి మళ్లినప్పుడు గట్లనే. జర సన్నగయింది గొంతు."

"మళ్ల ఎప్పుడు పోతవు?"

"వచ్చే వారం అంగడికి."

లేవబోయాను. "కుట్లు తెగుతయి, పండుకో" అని నర్సమ్మ భుజాలు పట్టి అదిమింది. వదినకు చదువు రాదు. ఉత్తరం రాస్తే ఎవరు చదువుతారు?

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. తిరుమలగిరి బస్సు ఎక్కేవాళ్లు మీలో ఎవరన్నా ఉంటే, మగ్గాల సందులో నీలిరంగు తలుపు మాది.

ఆ గొళ్ళెం తీసి జర చూడండి, హన జపాన్ వెళ్లిపోయి ఆర్నెల్లయింది, లోపల ఉన్నది ఆ ఒక్క మాటే వచ్చిన నా ఆండాళు.