మడత బల్ల

సూపర్‌వైజరమ్మ “ఫోల్డ్” అంది. కొత్తవాడికి “హోల్డ్” అని వినపడింది. అంతే, దుప్పటి రెండు కొసలూ పట్టుకుని పది నిమిషాలు గుంజలా నిలబడ్డాడు. ఆవిడ అరిచింది. వాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పాపం, పనికి రానివాడు కాదు, పనికి కొత్తవాడు.

“ఇదెక్కడి గోలరా నాయనా!” అని గొణిగాడు.

పక్క బల్ల దగ్గర మడతల మేస్త్రి తలెత్తాడు.

“పట్టుకోమన్లేదు తమ్ముడూ, మడత పెట్టమంది.”

జరిగిందేమిటో ఆవిడకీ చెప్పాడు. ఆస్పత్రి బట్టలుతికే ఆ నేలమాళిగ అంతా పగలబడి నవ్వింది.

పరాయిగడ్డ మీద తెలుగు చెవిన పడితే మనవాళ్ళ నోటికి గొళ్ళెం ఊడిపోతుంది. భోజనాల వేళకి కొత్తవాడు తన చరిత్రంతా ఉతికి ఆరేశాడు. ఏ ఊరు, ఎవరబ్బాయి, ఇక్కడ ఏ వీధి, ఏ గది, గదిలో ఎందరు.

“మరి వీసా?” మేస్త్రి గొంతు తగ్గించాడు.

“రెండు నెలల కిందటే అయిపోయిందన్నా. వెనక్కెళ్తే అక్కడ పనీ లేదు, పరువూ లేదు.”

“నాతో అన్నావు సరే. ఇంకెవరితోనూ అనకు.”

“నీతో కాక ఎవరితో అంటాను? ఇక్కడ నాకు సొంతన్నవి నువ్వే.”

మేస్త్రి చేతిలో తువ్వాలు మడత తప్పింది.

అక్కడ ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు. ఈ ఏడాదిలోనే వీసా అయిపోయిన ఇద్దరు తెలుగువాళ్ళని బల్ల దగ్గర్నుంచే వ్యాను ఎక్కించారు. వాళ్ళు ఏ బల్ల దగ్గరుంటారో వీసా అధికారులకి ముందే తెలుసు. అప్పట్నుంచి ఆవిరి యంత్రాల మధ్య నిలబడ్డవాళ్ళకి కూడా వెన్నులో చలి.

సాయంత్రం ఫోన్లో మేస్త్రి కూతురు ఏడ్చింది.

“అమ్మ వీసా కాగితం వచ్చిందిగా నాన్నా, నాదెందుకు రాలేదు? అమ్మ నన్నొదిలేసి నీ దగ్గరికొచ్చేస్తుందా?”

“లేదు బంగారం. నీదొక్కటేగా మిగిలింది. ఈ వారంలో వచ్చేస్తుంది.”

“ఒట్టు?”

మేస్త్రి ఒట్టు వేశాడు.

శుక్రవారం పొద్దున వ్యాను వచ్చింది. ఇద్దరు అధికారులు మెట్లు దిగారు. ఎవర్నీ ఏమీ అడగలేదు. నేరుగా కొత్తవాడి బల్ల దగ్గరికి నడిచారు.

“అన్నా! వీళ్ళకి నువ్వు చెప్పన్నా, నీకు భాష వచ్చుగా!”

మేస్త్రి తల వంచుకుని దుప్పటి అంచులు కలుపుతూనే ఉన్నాడు.

మెట్ల మీంచి వాడి కేక వినపడింది.

“నువ్వు జాగ్రత్తన్నా! ఎవడో మనల్ని పట్టిస్తున్నాడు!”

మధ్యాహ్నానికల్లా పాప కాగితం వచ్చేసింది: మొదటివాడు మేస్త్రి సొంత కాగితానికి, రెండోవాడు భార్య కాగితానికి, ఈ తమ్ముడు పాప కాగితానికి, మనిషికో మనిషి చొప్పున మేస్త్రి వీసా ఆఫీసుకి అప్పజెప్తానని ఒప్పుకున్న ముగ్గురూ పూర్తయ్యారు.