కింద అర గుర్రాలు

నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై దాటాక. ఒత్తులో దీర్ఘాలో ఎక్కడైనా జారిపోతే మన్నించండి. పేజీకి ఒక రోజు పట్టింది. కథ మాత్రం చిన్నదే.

"అది పెట్టెయ్యమ్మాయ్, నీకు నచ్చదు."

ఆ మాట చెవిన పడగానే సీడీల షాపాయన తల ఎత్తాడు.

మళ్ళీ ఆ ముసలాయనే. గళ్ళ చొక్కా, చేతిలో గొడుగు. రెండు వారాలుగా రోజూ వస్తున్నాడు. ఒక్క సీడీ అద్దెకు తీసుకోడు. అరల మధ్య నిలబడి వచ్చినవాళ్ళతో కబుర్లు.

కొత్త సినిమా పట్టుకున్న కళ్ళజోడు పిల్ల ఆగిపోయింది.

"ఎందుకు నచ్చదు తాతగారూ?"

"ఇంతవరకు నీకేం నచ్చాయో చెప్పు."

"రాకెట్ సినిమాలు. నడుముకి తుపాకీ కట్టుకుని, దొంగ సరుకు మోసుకుంటూ గ్రహాల మీద తిరుగుతారే, అవి. అన్నీ చూసేశాను."

"అయితే ఇటు రా." కింద అర ముందు గొంతుక్కూర్చున్నాడు. "రాకెట్టు తీసేసి గుర్రం పెట్టు. గ్రహం తీసేసి ఎడారి పెట్టు. మిగతాదంతా అదే."

"బ్లాక్ అండ్ వైటా!" పిల్ల మొహం చిట్లించింది.

"అయితేనేం? ఊరు మొత్తానికి బావి ఒక్కటే. దాన్ని పట్టుకున్నవాడి వెనక పదిమంది తుపాకులు. ఎదురు నిలిచినవాడు ఒక్కడు. వాడికీ చెయ్యి వణుకుతుంది."

"గెలుస్తాడా?"

"అదీ నేనే చెప్పేస్తే ఇంక సీడీ ఎందుకు?"

పిల్ల నవ్వి తీసుకెళ్ళింది. కొత్త సినిమా అరలోనే ఉండిపోయింది.

షాపాయనకి ఒళ్ళు మండింది. ఈ నెల కూడా జనం రాక అద్దె కట్టకపోతే గది మందుల షాపుకి ఇచ్చేస్తానని యజమాని చెప్పేశాడు. కాపురం షాపు వెనక గదిలోనే. షాపు పోతే నెత్తిన కప్పు కూడా పోతుంది.

"చూశావటే? కొత్తవి ఒక్కటీ కదలనివ్వడం లేదు," అన్నాడు భార్యతో.

"పాతది కదిలింది కదండీ. ఆ కింద అరకి మనం దుమ్ము దులిపి ఎన్నాళ్ళయింది?"

"నీ మొహం. వచ్చిన బేరం చెడగొట్టడానికి ఎవరో పోటీ షాపు వాడు పంపిన మనిషి."

ఆమెకీ నిజమే అనిపించింది. పనీపాటా లేకుండా రోజూ నిలబడటానికి ఎవరొస్తారు?

మర్నాడు ముసలాయన గొడుగు మడుస్తూ గడప ఎక్కాడు. షాపాయన అడ్డం నిలబడ్డాడు.

"ఏమయ్యా, నిన్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు బాబూ."

"మరి ఇక్కడ నీకేం పని?"

"పనేం లేదు. మంచి సినిమాలు అలా పడి ఉంటే చూడలేక."

"చూడలేకపోతే కళ్ళు మూసుకో. ముందు బయటికి నడు."

ముసలాయన లోపలున్న షాపాయన భార్య వైపు చూశాడు, ఆవిడైనా ఏమైనా అంటుందేమోనని.

"వెళ్ళండి తాతగారూ," అంది ఆమె. "మా పొట్ట కొట్టకండి."

"అయ్యో, అంత మాటెందుకు తల్లీ."

కింద అరలో తలకిందులుగా ఉన్న డబ్బా ఒకటి సరిచేసి పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

రెండు రోజులకి కళ్ళజోడు పిల్ల వచ్చింది.

"తాతగారు లేరా?"

"రారు. ఏం కావాలో నాకు చెప్పు," అన్నాడు షాపాయన.

"బావి సినిమా హాస్టల్లో అందరం చూశాం అంకుల్. అలాంటిదే ఇంకోటి. ఓడిపోతానని తెలిసీ నిలబడేవాడి కథ."

షాపాయన కింద అర ముందు కూర్చున్నాడు. ఒక డబ్బా తీశాడు, ఇంకోటి తీశాడు. అన్నిటి మీదా టోపీలే.

"ఇది చూడు. ఇందులో... గుర్రం ఉంది."

"అన్నిటిలోనూ ఉంది అంకుల్!"

కొత్త సినిమా చూపించాడు. అది కంప్యూటర్లో నిన్ననే చూసేశామంది.

"తాతగారు వచ్చాక వస్తాలెండి," అని వెళ్ళిపోయింది.

ఆ వారం వచ్చినవాళ్ళంతా అదే అడిగారు. లేరనగానే వచ్చినదారినే పోయారు. తర్వాత అడిగేవాళ్ళు కూడా లేరు.

నెలాఖరున యజమాని మందుల షాపాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ టేపుతో గోడలు కొలుచుకున్నారు, వీళ్ళు అక్కడ లేనట్టే.

వాళ్ళు వెళ్ళాక భార్య అంది, "ఆయన్ని పిలుచుకురండి. నలుగురు వస్తే యజమాని మనసు మారుతుందేమో."

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"నా మొహం పెట్టుకుని నేనే వెళ్తా."

ముసలాయన రోజూ వెనక వీధి వైపే వెళ్ళేవాడు. అక్కడ మొదటి గదిలో దర్జీ మిషన్ తొక్కుతున్నాడు.

"అన్నా, గళ్ళ చొక్కా వేసుకుని సినిమాల గురించి చెబుతుంటారే, ఆ తాతగారి ఇల్లెక్కడ?"

మిషన్ ఆగింది.

"ఆయన పోయి వారమైందమ్మా. నిద్రలోనే."

ఆమె గుమ్మం పట్టుకుంది.

"నీళ్ళు కావాలా అమ్మా? నీకేమవుతారు ఆయన?"

"ఏమీ కారు. మా షాపుకి వచ్చేవారు. ముందు వీధిలో సీడీల షాపు మాది."

దర్జీ చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు.

"మీదేనా ఆ షాపు? అది నిలబడాలని ఆయన పడ్డ ఆరాటం అంతా ఇంతా కాదు. సినిమా మాటెత్తిన ప్రతివాళ్ళనీ అక్కడికే పంపేవాడు."

"మా కోసం ఎందుకన్నా అంత?"

"మీరొచ్చాకే కదమ్మా ఆయన మూసేసింది. ఈ గదిలో క్యాసెట్ల కాలం నుంచీ ఇరవై రెండేళ్ళు సీడీల షాపు నడిపింది ఆయనే."

— పలకమ్మ (మా మెట్ల మీద ఆడుకునే పిల్లలు పెట్టిన పేరు)
డెబ్బై ఒక్క ఏళ్ళు
ఇప్పుడు ఉండేది చిన్నకూతురింట్లో, మూడో అంతస్తు.